ఆహారం ఎలా తయారవుతుందో చెబుతూ ఇంగ్లిష్ నేర్పాలంటే: గింజా, వెన్నా, చాక్లెట్టా?

పిల్లలకు ఇంగ్లిష్ నేర్పడానికి ఆహార ఉత్పత్తిని అంశంగా తీసుకుందాం అనుకోగానే టీచర్ ముందు ఐదారు దారులు కనబడతాయి. గింజలు నాటించొచ్చు, క్లాసులోనే వెన్న తీయించొచ్చు, డెయిరీకో బేకరీకో తీసుకెళ్లొచ్చు, వీడియో వేయొచ్చు, బొమ్మలున్న పాఠం చదివించొచ్చు, పెద్ద పిల్లలైతే ప్యాకెట్ల మీది లేబుళ్లు చదివించి చర్చ పెట్టొచ్చు. దేంట్లోనైనా పిల్లలు హుషారుగానే ఉంటారు, చిక్కంతా ఆ హుషారుతోనే. క్లాసంతా కళకళలాడింది కదా, పాఠం బ్రహ్మాండంగా జరిగిందనుకుంటాం. తీరా చూస్తే 40 నిమిషాల్లో ఒక్కో పిల్లవాడి నోటి నుంచి వచ్చిన ఇంగ్లిష్ రెండు ముక్కలు, అవి కూడా 'యెస్ టీచర్', 'ఫినిష్డ్ టీచర్'.

అందుకని ఈ దారుల్ని పోల్చడానికి నేను వాడే కొలత ఒక్కటే. ఈ పని పూర్తవ్వాలంటే పిల్లవాడు ఏ ఇంగ్లిష్ వాక్యం అని తీరాలి? ఆ వాక్యం అనకుండానే పని సాఫీగా జరిగిపోతోందంటే, అది మంచి యాక్టివిటీయే కావచ్చు, ఇంగ్లిష్ పాఠం మాత్రం కాలేదు. కింద చెప్పేదంతా ఈ కొలతతో చూసినదే.

ముందు వాక్యం, తర్వాతే ఆహారం

ఈ అంశంలో ఉన్న సుఖం ఏంటంటే, ఒక్కో రకం పనికి ఒక్కో రకం గ్రామర్ దానంతటదే అతుక్కుని వస్తుంది. గింజ మొలకెత్తుతుంటే రేపేమవుతుందో ఊహించాలి కాబట్టి 'విల్' వస్తుంది. ఏదైనా తయారుచేసేటప్పుడు ఒకరికొకరు పనులు పురమాయించుకోవాలి కాబట్టి 'పోర్', 'స్టిర్', 'డోంట్ టచ్' వస్తాయి. ఫ్యాక్టరీలో పాలు ఏమవుతాయో చెప్పాలంటే వేడి చేసిందెవరో ఎవరికీ అక్కర్లేదు, కాబట్టి పాసివ్ వాయిస్ వస్తుంది. ఏది ఎక్కడ కాస్తుందో మాట్లాడితే ప్రిపొజిషన్లు, రెండు రకాల ఆపిల్స్ రుచి చూస్తే 'స్వీటర్ దాన్', కొలతలు వేస్తుంటే 'త్రీ ఎగ్స్' అనొచ్చు గానీ పాల దగ్గర 'త్రీ కప్స్ ఆఫ్ మిల్క్' అనాల్సి రావడం.

చాలా లెసన్ ప్లాన్లు దీనికి తలకిందులుగా మొదలవుతాయి. "ఈ వారం చాక్లెట్ మీద చేద్దాం" అని ముందు నిర్ణయించేసుకుని, దాంట్లో ఇంగ్లిష్ ఎక్కడ ఇరికించాలా అని తర్వాత వెతుక్కుంటారు. అప్పుడు మిగిలేది పేర్ల జాబితా: పాడ్, బీన్, నిబ్, పౌడర్. పేర్లన్నీ వస్తాయి, వాటితో ఒక్క వాక్యమూ రాదు. నా మట్టుకు నేను ఏ ఆహార పాఠంలోనైనా పేర్లకంటే క్రియలకే ఎక్కువ చోటిస్తాను. పిక్, వాష్, పీల్, చాప్, గ్రైండ్, బాయిల్, డ్రై, ప్యాక్, ఈ 8 చేతిలో ఉన్న పిల్లవాడు టమాటా సాస్ గురించీ చెప్పగలడు, ఎండు మిరపపొడి గురించీ చెప్పగలడు, రేపు ఇంకేదైనా ఎదురైతే దాని గురించీ తడుముకుంటూనైనా చెప్పగలడు.

గింజ నాటడం

ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకైతే నా మొదటి ఓటు దీనికే. తోట కూడా అక్కర్లేదు. ఒక గాజు గ్లాసు, లోపల చుట్టూరా తడి టిష్యూ పేపరు, గ్లాసుకీ పేపరుకీ మధ్య ఒక బీన్స్ గింజ చాలు. పేపరు ఆరిపోకుండా చూసుకుంటే కొద్ది రోజుల్లోనే వేరు బయటికొస్తుంది, గాజులోంచి స్పష్టంగా కనబడుతుంది. అప్పుడు గ్లాసుని పక్కకు పడుకోబెట్టండి. వేరు మళ్లీ నేలవైపే వంపు తిరుగుతుంది. పడుకోబెట్టే ముందే క్లాసు చేత పందెం కాయించాలి: 'ఐ థింక్ ద రూట్ విల్ గో డౌన్', 'నో, ఇట్ విల్ గో స్ట్రెయిట్'. పందెం గెలవాలన్న పట్టుదల ఉన్నప్పుడు 'విల్' అనమని ఎవరూ గుర్తుచేయక్కర్లేదు, మర్నాడు బ్యాగు దించకముందే గ్లాసుల చుట్టూ మూగుతారు.

ఇక్కడ ఇబ్బంది కాలంతో. మొక్క దాని తీరున అది పెరుగుతుంది, మన టైంటేబుల్ చూసుకుని పెరగదు. త్వరగా చేతికొచ్చే పంటల్లో ముల్లంగి ఒకటి, దానికే 25 నుంచి 30 రోజులు కావాలి. టమాటా అయితే విత్తనం నుంచి కాయ దాకా రెండు నెలల పైమాటే. ఈ మధ్యకాలంలో 'ఇట్ ఈజ్ గ్రోయింగ్' తప్ప చెప్పడానికి ఏమీ లేకపోతే డైరీ మూడో రోజుకే నీరుగారిపోతుంది. దానికి మందు పోలిక పెట్టడం. ఒకే రకం గింజలు రెండు కుండీల్లో వేసి ఒకటి కిటికీ దగ్గర, ఒకటి చీకటి అల్మారాలో పెట్టండి. చీకట్లోది పొట్టిగా ఉంటుందని పిల్లలందరూ అనుకుంటారు. తీసి చూస్తే అదే పొడుగ్గా సాగి, పాలిపోయి, నిలబడలేక వాలిపోయి ఉంటుంది. 'టాలర్ బట్ వీకర్' అన్న మాట అప్పుడు చెప్పండి, జన్మలో మర్చిపోరు.

పెద్ద స్కూలు తోట ఉంటే ఇంకా మంచిది కదా అంటారేమో. భాష దృష్టితో నేను ఒప్పుకోను. తవ్వడం, కలుపు తీయడం, నీళ్లు పోయడం చేతులతో జరిగే పనులు, వాటికి మాట అవసరం పడదు. పైగా సగం పీరియడ్ నీళ్ల డబ్బా ఎవరు పట్టుకోవాలన్న గొడవకే పోతుంది. తోట ఉంటే సైన్స్‌కీ, పిల్లల ఆరోగ్యానికీ వాడండి, ఇంగ్లిష్ కోసం మాత్రం బల్ల మీద కుండీయే మేలు.

క్లాసులోనే తయారుచేయడం

వెన్న తీయడం కంటే మంచి యాక్టివిటీ నాకు కనబడలేదు, స్టవ్ అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. 30 శాతం పైన కొవ్వున్న క్రీమ్‌ని మూత గట్టిగా ఉన్న సీసాలో సగం వరకు పోసి ఊపడమే. మొదట లోపల గలగలమంటుంది. కాసేపటికి చప్పుడు పూర్తిగా ఆగిపోతుంది, సీసా బరువుగా, లోపల ఏమీ కదలనట్టు అనిపిస్తుంది, చాలామంది అయిపోయిందనుకుని ఆపేసేది అక్కడే. ఇంకాస్త ఊపితే ఒక్కసారిగా లోపల ముద్ద తగులుతున్న చప్పుడు, చుట్టూ పల్చటి మజ్జిగ. క్రీమ్ ఎంత చల్లగా ఉందన్నదాన్ని బట్టి పావుగంట అటూ ఇటూ. ఈ మూడు దశలూ చెవికి తెలుస్తాయి కాబట్టి ప్రతి గ్రూపులో ఒకరిని రిపోర్టర్‌గా పెట్టండి. 'ఐ కెన్ హియర్ ద క్రీమ్', 'నౌ ఐ కాంట్ హియర్ ఎనీథింగ్', 'ఇట్స్ గెటింగ్ థిక్కర్'. మిగతావాళ్లు సీసా కావాలంటే 'కెన్ ఐ హావ్ ద జార్, ప్లీజ్?' అని అడిగితేనే చేతికివ్వాలి. అడిగేవాళ్లు పావుగంటలో పదిసార్లు అడుగుతారు.

మాటకు చేతను జోడించి నేర్పే పద్ధతికి పేరుంది, టోటల్ ఫిజికల్ రెస్పాన్స్, 1960లలో జేమ్స్ ఆషర్ ప్రచారంలోకి తెచ్చినది. తయారీ పాఠాలకు ఇది అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే ఆజ్ఞ అర్థమైందో లేదో పిల్లవాడి చేతులే చెబుతాయి. కాకపోతే ఒక జాగ్రత్త. తయారీ విధానం కాగితం అందరికీ పంచిపెట్టేస్తే ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, పక్కవాణ్ణి చూసి చేసేస్తారు. కాగితం గ్రూపులో ఒక్కరికే ఇవ్వండి, ఆ ఒక్కరూ సీసా ముట్టుకోకూడదు. చదివేవాడికి చేతులు లేవు, చేసేవాళ్లకు కాగితం లేదు, ఇక మాట్లాడక తప్పదు. ఉత్సాహం పెరిగినప్పుడు పిల్లలు ఇంటి భాషలోకి జారిపోతారు, దానికి కసురుకోవద్దు, వాళ్లన్న మాటనే మీరు ఇంగ్లిష్‌లో తిరిగి అనండి చాలు.

తినేది ఏదైనా క్లాసులోకి తెచ్చేముందు అలర్జీల సంగతి తల్లిదండ్రుల్ని రాతపూర్వకంగా అడగాల్సిందే. పాలు, గుడ్లు, గోధుమ, వేరుశెనగ, సోయా, నువ్వులు, చేపలు, రొయ్యలు, జీడిపప్పు బాదం లాంటివి, పేచీ ఎక్కువగా వచ్చేది వీటితోనే. ఆ టెన్షన్ వద్దనుకుంటే ఉప్పు తయారుచేయించండి. సముద్రపు నీటిలో దాదాపు 3.5 శాతం ఉప్పుంటుంది, అంటే లీటరు నీళ్లలో 35 గ్రాములు కలిపితే ఇంచుమించు సముద్రపు నీరే. వెడల్పు పళ్లేల్లో పోసి ఎండలో పెడితే నీరంతా ఆవిరై అడుగున పలుకులు మిగులుతాయి. నోట్లో వేసుకోనివ్వకుండా చూడండి. వెన్నంత ఉత్సాహం రాదు, నిజమే, కానీ 'ద వాటర్ ఈజ్ గాన్, ద సాల్ట్ ఈజ్ స్టిల్ హియర్' అన్న వాక్యం కళ్లెదుట కనబడుతుంది.

బయటికి తీసుకెళ్లడం

అన్నిటికంటే ఎక్కువ శ్రమ, భాషాపరంగా అన్నిటికంటే తక్కువ రాబడి. ఫ్యాక్టరీలో మిషన్ల మోతకి వెనక వరసలో ఉన్న పిల్లలకు ఏమీ వినబడదు, చూపించే మనిషి పెద్దవాళ్లతో మాట్లాడినట్టు గడగడా మాట్లాడేస్తాడు, పిల్లలు కళ్లప్పగించి చూసి వస్తారు. అలాగని వద్దనడం లేదు. వెళ్లేముందు రెండు పీరియడ్లు, వచ్చాక రెండు పీరియడ్లు కేటాయించగలిగితేనే వెళ్లండి. ముందు ప్రతి పిల్లవాడూ మూడు ప్రశ్నలు, వాటికి తన ఊహలు రాసుకోవాలి. వచ్చాక ఫొటోలు కలగాపులగం చేసి ఇచ్చి వరసలో పెట్టించి, ఊహ ఎక్కడ తప్పిందో చెప్పించాలి: 'ఐ థాట్ దే వాష్డ్ ద బాటిల్స్ బై హ్యాండ్, బట్ ఎ మెషీన్ డస్ ఇట్'.

దీనికంటే నాకు నచ్చేది పండించే మనిషినే క్లాసుకి పిలవడం. ఆయనకు ఇంగ్లిష్ రానక్కర్లేదు. పిల్లలు ఇంటి భాషలో ప్రశ్నలడిగి, విన్నదాన్ని పక్క క్లాసు పిల్లలకు ఇంగ్లిష్‌లో చెప్పాలి. ఇదేదో సర్దుబాటు అనుకోకండి. భాషా స్థాయిల్ని కొలిచే యూరప్ ప్రమాణం సీఈఎఫ్ఆర్‌కి 2018లో వచ్చిన అనుబంధంలో మీడియేషన్ పేరుతో ఈ సామర్థ్యానికి ప్రత్యేకంగా కొలమానాలే ఇచ్చారు. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పడం బతుకులో నిజంగా పనికొచ్చే విద్య.

వీడియో, బొమ్మలు, చదివే పాఠం

సౌకర్యాలేవీ లేనిచోట చివరికి అందరూ వచ్చేది ఇక్కడికే, ఇదేమీ తక్కువ దారి కాదు, వాడే తీరులో ఉంది. కెనడాలో ఫ్రెంచ్ మాధ్యమంలో చదివిన, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లల్ని గమనించి భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో ఒక సంగతి ముందుకు తెచ్చారు: ఏళ్ల తరబడి ఫ్రెంచ్ వింటూ పాఠాలు నేర్చుకుంటున్నా, మాట్లాడటంలో, రాయడంలో మాత్రం వాళ్లు వెనకబడే ఉన్నారు. వినడం ఒక్కటే సరిపోదు, పిల్లలు స్వయంగా వాక్యం కట్టాలి అన్నది ఆవిడ వాదన. వీడియో పెట్టి అరగంట కూర్చోబెట్టే వాళ్లం ఇది గుర్తుపెట్టుకోవాలి. రెండు మూడు నిమిషాల ముక్క చాలు. మొదటిసారి మాటలతో వేయండి, రెండోసారి సౌండ్ తీసేసి జంటలుగా వాళ్లనే వ్యాఖ్యానం చెప్పమనండి, మిషన్ వేగానికి నోరు అందుకోలేక నవ్వులే నవ్వులు.

1957 ఏప్రిల్ 1న బీబీసీ టీవీలో స్విట్జర్లాండ్‌లో ఒక కుటుంబం చెట్ల కొమ్మల నుంచి స్పగెటీ (గోధుమ పిండితో చేసే సేమ్యా లాంటిది) కోస్తున్నట్టు ఏప్రిల్ ఫూల్ సరదాకి చూపించారు. చూసినవాళ్లలో కొందరు నిజమని నమ్మేసి, ఆ చెట్టు ఎలా పెంచాలని బీబీసీని అడిగారు. ఈ కథ చెప్పి, పిల్లల్ని నిజాలూ అబద్ధాలూ కలిపి రాయమంటే ప్రిపొజిషన్ల పాఠం చిటికెలో తయారవుతుంది, దానికి కావలసిందల్లా నాలుగు బొమ్మలు. 'పీనట్స్ గ్రో ఆన్ ట్రీస్', అబద్ధం. పువ్వు నేలపైన పూస్తుంది, దాని కాడ కిందికి వంగి మట్టిలోకి దిగి కాయ లోపల ఊరుతుంది. 'పైనాపిల్స్ గ్రో ఆన్ ట్రీస్', ఇదీ అబద్ధమే, నేలకు దగ్గరగా ఉండే మొక్క నడుమ కాస్తుంది. 'ద క్యాష్యూ నట్ ఈజ్ ఇన్‌సైడ్ ద ఫ్రూట్' అంటే పెద్దవాళ్లు కూడా తలూపేస్తారు గానీ జీడిగింజ పండు బయట, కింద వేలాడుతుంది. ఆన్, ఇన్, అండర్, ఇన్‌సైడ్, అవుట్‌సైడ్ ఒక్క పీరియడ్‌లో అయిపోతాయి.

చదివే పాఠాన్నైతే ముక్కలు చేసి పంచడమే మంచిది. జిగ్సా పద్ధతి, 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్‌సన్ మొదలుపెట్టింది, దీనికి చక్కగా కుదురుతుంది. గోధుమ పొలం, మిల్లు, బేకరీ, దుకాణం, నాలుగు కాగితాలు నలుగురికి. ఎవరి ముక్క వాళ్లకే తెలుసు, మొత్తం కథ కావాలంటే మిగతా ముగ్గుర్నీ అడగాలి. క్లాసులో 60 మంది ఉన్నా ఇది నడుస్తుంది. గోల ఉంటుంది, పక్క క్లాసు టీచర్‌కి ముందే చెప్పుకోండి.

ఏ ఆహారం తీసుకోవాలి

బ్రెడ్ అందరికీ సురక్షితమైన మొదలు. గొలుసు పొట్టిగా ఉంటుంది, ప్రతి మెట్టూ కంటికి కనబడుతుంది. సీసాలో గోరువెచ్చని నీళ్లు, చక్కెర, ఈస్ట్ వేసి మూతికి బెలూన్ తొడిగితే కాసేపటికి బెలూన్ ఉబ్బుతుంది, పక్కనే ఈస్ట్ లేని సీసా బెలూన్ అలాగే వేలాడుతుంటుంది. 'వై?' అని మీరు అడగక్కర్లేదు, వాళ్లే అడుగుతారు. 'బికాజ్ ద ఈస్ట్ మేక్స్ గ్యాస్'.

పాలు ఇంకా మంచివి, ఎందుకంటే ఒకే కథని మూడు వయసులకు మూడు ఎత్తుల్లో చెప్పొచ్చు. ఆరేళ్ల వాళ్లకు: 'కౌస్ ఈట్ గ్రాస్. కౌస్ గివ్ మిల్క్.' తొమ్మిదేళ్ల వాళ్లకు: 'ఫస్ట్, ద ఫార్మర్ మిల్క్స్ ద కౌస్. దెన్ ఎ ట్రక్ టేక్స్ ద మిల్క్ టు ద డెయిరీ.' పన్నెండేళ్ల వాళ్లకు: 'ద మిల్క్ ఈజ్ హీటెడ్ టు సెవెంటీ టూ డిగ్రీస్ ఫర్ ఫిఫ్టీన్ సెకండ్స్ అండ్ దెన్ కూల్డ్ క్విక్లీ.' పాశ్చరైజేషన్‌లో నిజంగానే వాడే కొలత అది, 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు. మూడో రకం వాక్యాన్ని తొమ్మిదేళ్ల పిల్లల మీద రుద్దడం నేను చాలా చోట్ల చూశాను; వాళ్లు దాన్ని బట్టీపట్టి అప్పజెబుతారు, 'ఈజ్ హీటెడ్' బదులు 'ఈజ్ హీటింగ్' అన్నా తేడా తెలియదు. చీజ్ దాకా వెళితే లెక్క కూడా కలుస్తుంది, కిలో గట్టి చీజ్‌కి సుమారు 10 లీటర్ల పాలు కావాలి.

తేనె, గుడ్లు రెండూ 'హౌ మెనీ', 'హౌ మచ్', 'హౌ లాంగ్' ప్రశ్నలకు బాగుంటాయి. ఒక తేనెటీగ బతికినంత కాలం కష్టపడితే టీస్పూన్‌లో సుమారు పన్నెండో వంతు తేనె వస్తుందని లెక్క. ఒక స్పూను చూపించి 'హౌ మెనీ బీస్?' అని అడిగి చూడండి. కోడికి ఒక గుడ్డు తయారవ్వడానికి 24 నుంచి 26 గంటలు. అంటే రోజుకి రెండు గుడ్లు పెట్టే కోడి ఎందుకు ఉండదో పిల్లలే ఇంగ్లిష్‌లో వాదించి చెప్పగలరు.

చాక్లెట్ దగ్గర నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. టీచర్లందరూ మొదట పట్టుకునేది దీన్నే, చిన్న పిల్లలకు ఇదే అన్నిటికంటే కష్టం. కోకో చెట్టుని చాలామంది పిల్లలు జన్మలో చూసి ఉండరు, గింజలు పులియబెట్టడం, ఎండబెట్టడం, వేయించడం, పొట్టు తీయడం, నూరడం, గంటల తరబడి కలపడం, ఇన్ని మెట్లు, మెట్టుకో కొత్త మాట. తినడం ఒక్కటే తెలుసు. అదే 12 దాటిన పిల్లలకైతే దీన్ని మించింది లేదు, ఎందుకంటే వాళ్లకు మాట్లాడాలనిపించే విషయం ఇందులో ఉంది. ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాల నుంచే వస్తుంది, ఆ తోటల్లో పిల్లలు పనిచేయడం ఇప్పటికీ ఉంది, అందులో అతి దారుణమైన రూపాల్ని ఆపుతామని 2001లో చాక్లెట్ కంపెనీలు హార్కిన్ ఎంగెల్ అనే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తమ వయసు పిల్లల సంగతి అనగానే క్లాసులో ఎప్పుడూ నోరు విప్పనివాడు కూడా 'దట్స్ నాట్ ఫెయిర్, బికాజ్...' అని మొదలుపెడతాడు.

మాంసం గురించి ఒక్క మాట. ఆహార ఉత్పత్తి అన్నాక అదీ భాగమే, కానీ ఇళ్లలో నమ్మకాలు వేరువేరుగా ఉంటాయి, చిన్నపిల్లలు భయపడతారు కూడా. పదో ఏడు లోపు దాన్ని పక్కన పెట్టడమే మంచిది, తర్వాతైనా మీ వైపు నుంచి తీర్పు లేకుండా చెప్పాలి.

పెద్ద పిల్లలకు లేబుళ్లు

ఇంగ్లిష్‌లో పెద్దవాళ్ల కోసం రాసిన అసలు సిసలు రాత, పొట్టిగా, ఊరికే దొరికేది ఏదైనా ఉందంటే అది ప్యాకెట్ వెనకాల ఉన్న రాతే. పదార్థాల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు రాయాలన్నది చాలా దేశాల నియమం. ఈ ఒక్క సంగతి చెప్పి నాలుగు ప్యాకెట్లు ముందు పెడితే 'దేర్ ఈజ్ మోర్ షుగర్ దాన్ కోకో' అని వాళ్లే కనిపెడతారు, ఆ కనిపెట్టడంలో కొంచెం షాకు కూడా ఉంటుంది. 'బెస్ట్ బిఫోర్' నాణ్యత గురించి, 'యూజ్ బై' ప్రమాదం గురించి అన్న తేడా తెలిసిందంటే 'షుడ్', 'మస్ట్ నాట్' రెండూ ఒకే దెబ్బకు వస్తాయి. అక్కడి నుంచి వృథా మీదికి వెళ్లడం సులువు: వినియోగదారులకు అందే ఆహారంలో 19 శాతం దుకాణాలు, హోటళ్లు, ఇళ్లలో వృథా అవుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదికలో లెక్కేసింది, అందులో ఎక్కువ వాటా ఇళ్లదే. ఒక వారం తమ ఇంట్లో ఏం పారేశారో రాసుకొచ్చి క్లాసులో చెప్పమనండి. పేర్లు పెట్టి ఎవర్నీ సిగ్గుపరచకుండా చూసుకోవాలి, అంతే.

ఒంటరిగానా, సైన్స్ టీచర్‌తో కలిసా

విషయాన్నీ భాషనీ కలిపి నేర్పే ఈ తరహాకి క్లిల్ అన్న పేరు 1994లో డేవిడ్ మార్ష్ పెట్టారు. పుస్తకాల్లో చదివితే సైన్స్ పాఠమంతా ఇంగ్లిష్‌లోనే జరగాలేమో అనిపిస్తుంది, అంత భారం అందరూ ఎత్తుకోనక్కర్లేదు. కబుర్లాడే ఇంగ్లిష్ రెండేళ్లలో వచ్చినా, పాఠాల్లో వాడే ఇంగ్లిష్ రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టొచ్చని భాషా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. ఆటలో గలగలా మాట్లాడే పిల్లవాడు 'ఫర్మెంటేషన్' పేరా ముందు బిగుసుకుపోతే తెలివి తక్కువని కాదు. కాబట్టి సైన్స్ టీచర్ ఇంటి భాషలో మొలక పాఠం చెప్పేశాక, అదే వారం ఇంగ్లిష్ పీరియడ్‌లో అదే మొలక గురించి మాట్లాడించడం చాలామందికి సరైన మోతాదు. విషయం ముందే తెలుసు కాబట్టి పిల్లల బుర్ర మొత్తం భాష మీదే పెట్టగలరు.

మరి మీకు ఏది

ఒక్కటే పీరియడ్ ఉందా, నిజం అబద్ధం ఆట పెట్టండి, ఇంకేదీ వద్దు. వారం ఉంటే బ్రెడ్, బెలూన్ ప్రయోగంతో మొదలుపెట్టి జిగ్సాతో ముగించొచ్చు. ఆరు వారాలు చేతిలో ఉన్నవాళ్లు గింజని వెనకాల నడుస్తుండనిచ్చి, ముందు వరసలో వెన్న, పాలు, తేనె ఒకదాని తర్వాత ఒకటి తెచ్చుకోవాలి, గింజ మీదే ఆరు వారాలూ ఆధారపడితే మధ్యలో విసుగొస్తుంది. క్లాసు మరీ పెద్దదైతే తయారీ జోలికి వెళ్లకండి, లేదా నలుగురు ముందుకొచ్చి చేస్తుంటే మిగతా క్లాసంతా ఆజ్ఞలిచ్చేలా మార్చుకోండి. మీ ఇంగ్లిష్ మీద మీకే అంత ధీమా లేదా, తయారీ పాఠమే మీకు అనువైనది, వాడే వాక్యాలు పదిలోపే ఉంటాయి, ముందురోజు రాత్రి నోటికి తిప్పుకుంటే చాలు. చర్చ పాఠాలు మాత్రం కొన్నాళ్లు ఆపండి, అక్కడ పిల్లలు ఎటు వెళ్తారో చెప్పలేం.

ఇంట్లో పిల్లలకు నేర్పుకునే తల్లిదండ్రులకైతే వంటగదే క్లాసు. రోజూ చేసే ఒక్క వంటకం, ఐదు క్రియలు, వారం పాటు అవే. వంట చేస్తున్నది పిల్లవాడైతే ఆజ్ఞలు మీవి, మర్నాడు మీరు చేస్తుంటే ఆజ్ఞలు వాడివి.

పరీక్ష ఎలా పెట్టాలని అడిగేవాళ్లుంటారు. ఖాళీలు పూరించే కాగితం వద్దు. ఆరు బొమ్మలు కలగాపులగంగా ఇచ్చి, వరసలో పెట్టి, ఒక నిమిషం మాట్లాడమనండి. బొమ్మకో వాక్యం వచ్చిందా, క్రియ ఉందా, వినేవాడికి వరస అర్థమైందా, ఈ మూడే చూడండి. ఆరో బొమ్మ కావాలనే వేరే ఆహారంది పెడితే, 'దిస్ ఈజ్ రాంగ్, టీచర్' అని ఎంతమంది అంటారో అదీ లెక్కలోకే వేసుకోండి.